జోసే మౌరిన్హో ఎలా గుర్తుండిపోతారు: కప్పులతోనా, కయ్యాలతోనా?

గోల్‌పోస్ట్:

పోర్చుగల్ ఫుట్‌బాల్ కోచ్ జోసే మౌరిన్హో ఏమేమి గెలిచారన్న దానిలో ఎవరికీ పేచీ లేదు. 2003లో పోర్టోతో యూఈఎఫ్ఏ కప్, మరుసటి ఏడాది అదే జట్టుతో ఛాంపియన్స్ లీగ్, రెండు విడతల్లో చెల్సీతో మూడు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, 2010లో ఇంటర్ మిలాన్‌తో ఒకే సీజన్‌లో లీగ్, ఇటలీ కప్, ఛాంపియన్స్ లీగ్, 2012లో రియల్ మాడ్రిడ్‌తో 100 పాయింట్లతో స్పెయిన్ లీగ్ లా లీగా, 2017లో మాంచెస్టర్ యునైటెడ్‌తో యూరోపా లీగ్, 2022లో రోమాతో కాన్ఫరెన్స్ లీగ్. ఇదే మనిషి 2011లో బార్సిలోనా సహాయ కోచ్ టిటో విలనోవా కంట్లో వేలు పెట్టారు, 2014లో ఆర్సెనల్ కోచ్ ఆర్సెన్ వెంగర్‌ను వైఫల్యాల్లో నిపుణుడని ఎద్దేవా చేశారు, అరవై దాటాక కూడా, 2025లో, గలతసరాయ్ కోచ్ ముక్కు పట్టుకుని నొక్కారు.

ముప్పై ఏళ్ల తరువాత ఆయన పేరు వినగానే ఫుట్‌బాల్ తెలిసినవారికి ముందుగా ఏది గుర్తుకు వస్తుందన్నదే నా ప్రశ్న. కప్పులు నిలిచిపోతాయని, కయ్యాలు మాత్రం క్రమంగా పదును పోయి నవ్వుతూ చెప్పుకునే కథలవుతాయని నా అంచనా. ఇంగ్లాండ్‌లో క్లబ్ మేనేజర్‌గా పేరొందిన బ్రయన్ క్లఫ్ విషయంలో అదే జరిగింది. మేనేజర్‌గా ఉన్నంత కాలం క్లబ్ డైరెక్టర్లతోనూ ఫుట్‌బాల్ సంఘం పెద్దలతోనూ ఆయనకు పొసగలేదు. 2004లో ఆయన మరణించిన తరువాత మిడిల్స్‌బ్రోలోనూ, నాటింగ్‌హామ్‌లోనూ, డెర్బీలోనూ విగ్రహాలు వెలిశాయి. మౌరిన్హో పట్ల కూడా కాలం ఇంతే ఉదారంగా ఉంటుందనుకుంటున్నాను. కాదనేవారు కారణాలు చెప్పాలని మనవి.

ఎడమ అంచు:

గోల్‌పోస్ట్ గారూ, క్లఫ్ పోలిక వినడానికి బాగుంది గాని ఇక్కడ అతకదు. క్లఫ్ 1975 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు వచ్చి 1993 దాకా అక్కడే ఉన్నారు. రెండో డివిజన్‌లో ఉన్న జట్టును 1977లో పై డివిజన్‌కు చేర్చి, మరుసటి ఏడాదే లీగ్ గెలిపించి, 1979లోనూ 1980లోనూ వరుసగా యూరోపియన్ కప్ తెచ్చిపెట్టారు. ఆయన చివరి సీజన్‌లో అదే జట్టు పట్టికలో అట్టడుగున నిలిచి మళ్లీ కింది డివిజన్‌కు పడిపోయినా ఆ ఊరు ఆయనను కాదనుకోలేదు. ఒక మేనేజర్ జ్ఞాపకాన్ని కాపాడేది ట్రోఫీల జాబితా కాదు. ఆయన మంచిని, చెడును, చివరి పతనాన్ని కూడా తమదిగా భావించే జనం ఒకచోట ఉండాలి.

మౌరిన్హోకు అలాంటి జనం ఎక్కడున్నారు? ఆయన ఏ క్లబ్‌లోనూ ఏకబిగిన నాలుగేళ్లు లేరు. 2004 వేసవి నుంచి 2007 సెప్టెంబరు దాకా చెల్సీలో గడిపిన తొలి విడతే అన్నిటికన్నా పొడవైనది. ఆ చెల్సీ అభిమానులే, ఆయన మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా 2017లో చెల్సీ మైదానమైన స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు వచ్చినప్పుడు, ద్రోహి అన్న అర్థంలో జూడాస్ అని కేకలు వేశారు. ఆయన మూడు వేళ్లు చూపించి, తాను గెలిపించిన మూడు టైటిళ్లను వారికి గుర్తు చేశారు. ఆ తరువాత చెల్సీకి బద్ధ ప్రత్యర్థి అయిన టోటెన్‌హామ్‌కు వెళ్లారు. పోర్టో అయినా ఆయనను తనవాడిగా చెప్పుకుంటుందనుకుంటే, 2025 సెప్టెంబరులో పోర్టోకు ప్రత్యర్థి అయిన బెన్ఫికా బాధ్యత తీసుకుని ఆ దారి కూడా ఇరుకు చేసుకున్నారు.

మాంచెస్టర్ యునైటెడ్ పాత మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ మాత్రం మెత్తని మనిషా? 2003లో డ్రెస్సింగ్ రూమ్‌లో ఆయన తన్నిన బూటు తగిలి డేవిడ్ బెక్‌హామ్ కనుబొమ్మ చిట్లింది. బీబీసీకి ఆయన ఏడేళ్లపాటు ఇంటర్వ్యూలే ఇవ్వలేదు. కానీ 26 ఏళ్లకు పైగా ఒకే చోట ఉండి, 2013లో పదమూడో లీగ్ టైటిల్‌తో తప్పుకున్నారు కాబట్టి ఆ కరుకుదనానికి మనం క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాం.

మధ్యగీత:

మీరిద్దరూ విజయాలను ఒక పళ్లెంలోను, దురుసుతనాన్ని మరో పళ్లెంలోను వేసి తూస్తున్నారు. కనీసం 2010 దాకా ఆ రెంటినీ అలా విడదీయడం కుదరదని నా వాదన. విలేకరుల సమావేశాల్లో ఆయన లేపిన రభస వృథాగా పోలేదు. ఆటగాళ్ల మీద పడవలసిన ఒత్తిడిని అది ఆయన మీదికి మళ్లించేది. 2004లో చెల్సీకి వచ్చీ రాగానే తాను మామూలు కోచ్‌ను కానని చెప్పుకున్నారు. ఇక ఇంగ్లాండ్ పత్రికలన్నీ ఆయన వెంటే పడ్డాయి. అంతకుముందు 1955లో మాత్రమే లీగ్ గెలిచిన ఆ జట్టు ఈ సందడి నీడలో తన పని తాను చేసుకుంటూ, సీజన్ మొత్తం మీద 15 గోల్స్ మాత్రమే ఇచ్చి, 95 పాయింట్లతో టైటిల్ సాధించింది. లీగ్ మ్యాచ్‌లలో సొంత మైదానంలో 2002 ఫిబ్రవరి తరువాత 2011 ఏప్రిల్ దాకా, నాలుగు క్లబ్‌లలో, వరుసగా 150 మ్యాచ్‌లు ఓడకపోవడం నోటి గొప్పలతో సాధ్యమయ్యే పని కాదు.

ఈ పద్ధతికి పరాకాష్ఠ 2010 ఏప్రిల్ 28న బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో, ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో అంచెలో కనిపించింది. తొలి అంచెను 3-1తో గెలిచిన ఇంటర్ ఆ రాత్రి 28వ నిమిషంలోనే థియాగో మోట్టాను రెడ్ కార్డుకు కోల్పోయి, మిగతా గంట సేపు పది మందితో బార్సిలోనాను కాచుకుంది. ఆ కాలపు అతి గొప్ప స్ట్రైకర్లలో ఒకరైన శామ్యూల్ ఎటో తన పెనాల్టీ ఏరియా పక్కన నిలబడి రక్షణ ఆటగాడైన ఫుల్‌బ్యాక్ పని చేశారు. ఆ మ్యాచ్‌లో 1-0తో ఓడినా మొత్తం మీద 3-2తో ఇంటర్ ఫైనల్‌కు వెళ్లింది. ఒక స్ట్రైకర్ చేత ఆ చాకిరీ ఇష్టపూర్వకంగా చేయించాలంటే, లోకమంతా తమ మీద కక్ష కట్టిందని, తమను కాచేవాడు ఈయన ఒక్కడేనని ఆ జట్టు నమ్మాలి. ఆయన ఎవరెవరితోనో వేసుకున్న తగవుల అసలు ఫలితం ఆ నమ్మకమే. ఫైనల్ గెలిచిన రాత్రి, ఆయన ఇంటర్‌ను వదిలి వెళ్తుంటే, ఇంటర్ డిఫెండర్ మార్కో మాటెరాజ్జీ ఆయనను పట్టుకుని ఏడ్చారు. మాటెరాజ్జీ సుకుమార హృదయుడని ఆయన ప్రత్యర్థులెవరూ ఒప్పుకోరు!

కటువుతనం సొంత డ్రెస్సింగ్ రూమ్ వైపు తిరిగినప్పుడు ఆ పద్ధతి చెడింది. 2012 డిసెంబరులో రియల్ మాడ్రిడ్ కెప్టెన్ ఇకర్ కాసియాస్‌ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ సీజన్ తన వృత్తిజీవితంలోకెల్లా అధ్వానమైనదని తరువాత మౌరిన్హోనే అన్నారు. చెల్సీలో రెండో విడతలో, 2015 డిసెంబరులో లీస్టర్ చేతిలో ఓడాక తన శ్రమకు ద్రోహం జరిగిందని సొంత ఆటగాళ్లనే నిందించారు. మూడు రోజులకు ఉద్యోగం పోయింది, అంతకుముందు సీజన్ ఛాంపియన్లు అప్పటికి పదహారో స్థానంలో ఉన్నారు. మాంచెస్టర్‌లో పాల్ పోగ్బాతో సాగిన వైరం అందరూ చూసిందే. అందువల్ల ఆయన ఇద్దరు మనుషులుగా గుర్తుంటారని నేననుకుంటున్నాను, జట్టు కోసం లోకంతో తగవు పడిన మొదటి మౌరిన్హో, జట్టుతోనే తగవు పడిన రెండో మౌరిన్హో.

విజిల్:

మధ్యగీత గారి విశ్లేషణలో ఆట గురించి చెప్పిన భాగంతో నాకు పేచీ లేదు. అయితే బయటివారితో పడిన తగవును ఒక తెలివైన ఎత్తుగడగా చూపించడంలో ఒక మనిషి పూర్తిగా కనుమరుగయ్యారు. ఆయన పేరు ఆండర్స్ ఫ్రిస్క్, స్వీడన్‌కు చెందిన రిఫరీ. 2005 ఫిబ్రవరిలో బార్సిలోనాతో జరిగిన మ్యాచ్‌లో ఫ్రిస్క్ చెల్సీ స్ట్రైకర్ దిదియే ద్రోగ్బాను బయటికి పంపారు, చెల్సీ 2-1తో ఓడింది. విరామ సమయంలో బార్సిలోనా కోచ్ ఫ్రాంక్ రైకార్డ్ రిఫరీ గదిలోకి వెళ్లారని మౌరిన్హో ఆరోపించారు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ మౌరిన్హోకు రెండు మ్యాచ్‌ల నిషేధం విధించింది. ఈలోగా ఫ్రిస్క్‌కు, ఆయన కుటుంబానికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, ఆయన రిఫరీ వృత్తినే వదిలేశారు. ఇది మీరు చెప్పిన మొదటి మౌరిన్హో కాలంలో, పద్ధతి చక్కగా పనిచేస్తున్న రోజుల్లో, చెల్సీ ఆ 95 పాయింట్లు సాధించిన సీజన్‌లోనే జరిగింది.

వెంగర్‌తో, బార్సిలోనా కోచ్‌గా ఉన్న పెప్ గార్డియోలాతో పడిన మాటల యుద్ధాన్ని నేను లెక్కలోకి తీసుకోను. వారికీ మైకు ఉంది, మర్నాడు బదులు చెప్పగలరు. రిఫరీకి ఆ అవకాశం లేదు. క్లబ్ డాక్టర్‌కూ లేదు. 2015 ఆగస్టులో స్వాన్సీతో మ్యాచ్ చివరి నిమిషాల్లో, రిఫరీ పిలిచిన మీదటే, డాక్టర్ ఎవా కార్నేరో, ఫిజియో కలిసి గాయపడిన ఈడెన్ హజార్డ్ దగ్గరికి పరుగెత్తారు. అప్పటికే ఒకరు తక్కువగా ఆడుతున్న చెల్సీ, చికిత్స పొందిన ఆటగాడు బయటికి రావాలి కాబట్టి, కాసేపు తొమ్మిది మందితో మిగిలింది. వైద్య సిబ్బందికి ఆట అర్థం కాదన్నట్లు మౌరిన్హో అందరి ముందూ మాట్లాడారు. ఆ డాక్టర్ క్లబ్‌ను వదలవలసి వచ్చింది. 2016 జూన్‌లో ఆమె వేసిన కేసు రాజీతో ముగిసినప్పుడు, ఆమె తన వృత్తి బాధ్యతను సక్రమంగానే నిర్వర్తించారని ఒప్పుకుంటూ క్లబ్ బేషరతుగా క్షమాపణ చెప్పింది.

ఆ తిట్ల వల్ల ఎవరికి రక్షణ దొరికింది, ఎవరికి నష్టం జరిగింది అన్న లెక్క వేయకుండా దాన్ని పద్ధతి అని మెచ్చుకోలేం.

పాత ప్రేక్షకుడు:

అసలు ఆట సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? బంతి తమ దగ్గర లేకపోయినా మ్యాచ్‌ను తమ చేతిలో ఉంచుకోవచ్చునని ఆయన చూపించారు. ఆయన దగ్గర పనిచేసిన ఆంద్రే విల్లాస్ బోయాస్ 2011లో పోర్టోతో యూరోపా లీగ్ గెలిచారు. అయినా తరువాతి తరం కోచ్‌లలో ఎక్కువమంది గార్డియోలా దారినే పట్టారన్నది నిజం. మౌరిన్హో విధానాన్ని ముందుకు తీసుకువెళ్లే శిష్యులు పెద్దగా లేకపోతే జనం నోట మిగిలేది ఆయన మాటలే, గోల్‌పోస్ట్ గారి అంచనా అక్కడే తలకిందులవుతుందని నా భయం.

గోల్‌పోస్ట్:

శిష్యుల సంఖ్య కొలమానమైతే క్లఫ్ కూడా నిలవరు, కాబట్టి ఆ వాదనను పక్కన పెడుతున్నాను. ఎడమ అంచు గారూ, ఆయనకు తన జనం లేరన్నారు. రోమ్‌ను మరచిపోయారా? 2008 తరువాత ఒక్క ట్రోఫీ కూడా చూడని రోమా 2022 మే 25న టిరానాలో ఫెయెనూర్డ్‌ను 1-0తో ఓడించింది. ఇతర క్లబ్‌లు మూడో స్థాయి కప్పుగా చూసే ఆ ట్రోఫీ కోసం నగరమంతా వీధుల్లోకి వచ్చింది. లీగ్‌లో జట్టు ఆరో స్థానాన్ని దాటలేకపోయిన రోజుల్లో కూడా స్టేడియం ఆయన పక్షానే నిలిచింది. రెండున్నరేళ్లలో అంతటి అభిమానం సంపాదించినప్పుడు ఇరవయ్యేళ్లు ఉండవలసిన పనేముంది?

ఎడమ అంచు:

రోమ్ ప్రేమను నేను కాదనను. అయితే 2024 జనవరిలో ఆయనను తొలగించాక ఆ జట్టు పగ్గాలు అందుకున్నది రోమ్‌లోనే పుట్టిన, ఆ ప్రేక్షకులు ప్రాణంగా చూసుకునే డానియేలే డి రోసీ అని గుర్తుంచుకోవాలి. ఆ నగరానికి తన ఆరాధనను పంచుకోవడానికి సొంత మనుషులు చాలామంది ఉన్నారు. మౌరిన్హో అక్కడ ఒక మంచి అతిథి. క్లఫ్ నాటింగ్‌హామ్‌కు అతిథి కారు.

విజిల్:

రోమ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ కథను టిరానాతో ఆపకుండా 2023 మే 31 దాకా చెప్పాలి. బుడాపెస్ట్‌లో జరిగిన యూరోపా లీగ్ ఫైనల్‌లో రోమా పెనాల్టీలలో సెవియా చేతిలో ఓడింది. ఆ తరువాత మౌరిన్హో స్టేడియం కార్ పార్కింగ్‌లో ఆగి రిఫరీ ఆంథొనీ టేలర్‌ను దూషించారు. మర్నాడు బుడాపెస్ట్ విమానాశ్రయంలో కుటుంబంతో వెళ్తున్న టేలర్‌ను రోమా అభిమానులు చుట్టుముట్టారు, ఒక కుర్చీ కూడా వారి మీదికి ఎగిరింది. మౌరిన్హోకు నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. ఫ్రిస్క్ ఉదంతం జరిగి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మొదటి మౌరిన్హో, రెండో మౌరిన్హో అన్న విభజన ఇక్కడ నిలవదు, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటే.

కాలం ఉదారంగా ఉంటుందన్న ఆశకు ఆధారంగా చూపిన క్లఫ్ కథ కూడా ఇంకా ముగియలేదు. 1981లో పది లక్షల పౌండ్లకు తెచ్చుకున్న జస్టిన్ ఫాషాను అనే ఆటగాడు స్వలింగ సంపర్కుల క్లబ్‌లకు వెళ్తున్నాడని తెలిసి, క్లఫ్ అతనిని ఎలా అవమానించారో తన ఆత్మకథలో తానే రాసుకున్నారు. అది అచ్చయిన రోజుల్లో చాలామందికి ఆయన ముక్కుసూటితనానికి మరో ఉదాహరణగా తోచి ఉండవచ్చు. 1998లో ఫాషాను ఆత్మహత్య చేసుకున్నాక, ఇప్పుడు, ఆ పేజీ చదివి నవ్వగలిగేవారు అరుదు. విగ్రహం అక్కడే ఉంది, దాని పక్కన చెప్పే కథ మాత్రం మారింది. మౌరిన్హో విషయంలో కూడా మరో తరం ముందుగా తెరిచేది ట్రోఫీల పుటే అవుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

మధ్యగీత:

విజిల్ గారూ, రిఫరీల విషయంలో మీ మాట ఒప్పుకోక తప్పదు, అక్కడ నా విభజన పనిచేయదు. డ్రెస్సింగ్ రూమ్ విషయంలో మాత్రం దాన్ని వదులుకోను. ఎటో ఆ రాత్రి ఫుల్‌బ్యాక్‌గా ఎందుకు నిలబడ్డారో, అయిదేళ్ల తరువాత చెల్సీ ఆటగాళ్లు అదే మనిషి కోసం ఎందుకు పరుగెత్తలేదో ఫ్రిస్క్ ఉదంతం చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు ఇవ్వగలిగిన వారు ఆ చెల్సీ డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవారే.