డిండిలో చలికాలం గాలం: బెండు వణుకుతుంది, చేప పడదు. ఏం మార్చాలి?

అన్నలూ, డిండి జలాశయంలో రవ్వ (రోహు), బంగారు తీగ (కామన్ కార్ప్) చేపల కోసం బెండు (నీటి మీద తేలుతూ చేప ముట్టింది లేనిది చూపేది) కట్టిన గాలం వేస్తున్నం. (మత్స్యకారుల సొసైటీ అనుమతి ఉంది, ఆ ముచ్చట వదిలేయండి.)

సరంజామా: 0.30 మి.మీ. గాలం దారం, 6 నంబరు గాలం, దానికి జానెడు పైన సీసం గుండు. లోతు కొలిచే పద్ధతి పాతదే. గాలానికి బరువైన సీసం గుచ్చి వేస్తే, బెండు మునిగితే లోతు ఎక్కువున్నట్టు, అడ్డంగా పడుకుంటే బెండును కిందికి జరపాలి. అట్ల చూస్తే కట్ట దగ్గర 6 అడుగులు, పాత వాగు దారిలో 13.

ఎర: రెండు పాళ్లు తౌడు, ఒక పాలు దంచిన పల్లి చెక్క, ఒక పాలు గోధుమ పిండి. ఎండాకాలం ఇదే ముద్ద బాగా పనిచేసింది. ఇప్పుడు అయిదు నిమిషాలకే గాలం బోడిగా వస్తుంది. బెండు గజగజ వణుకుతుందే తప్ప పక్కకు నడవదు, మునగదు. పరిగెలు (చిన్న చేపలు) కొరుకుతున్నాయని నా అనుమానం. గోధుమ పిండి పెంచితే ముద్ద రబ్బరులా సాగి, గుంజినప్పుడు గాలం మొన బయటికి రావట్లేదు.

అడిగేది ఇదీ:

చలికి చేప లోతుకు దిగుతుంది కదా, పొద్దున 13 అడుగుల్లోనే వేసి, ఎండెక్కినాక 6 అడుగులకు రావాలా? పరిగెల బెడద తప్పాలంటే ముద్ద మానేసి ఉడికిన మక్క గింజలు రెండు గుచ్చితే రవ్వ ముడుతుందా, లేక బంగారు తీగే పడుతుందా? చల్లే మేత కూడా తగ్గించాలా? ఇప్పుడు గంటకు నాలుగు పిడికిళ్లు వేస్తున్నం, నాకైతే అదే ఎక్కువనిపిస్తుంది.