మంచి తిండి తినే గర్భిణికి మాత్రలు అవసరమా?

వేకువ: వేళకు అన్ని రకాలూ కడుపునిండా తినే గర్భిణికి కూడా ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు తప్పవనడం నాకు సమంజసంగా తోచడం లేదు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్నదే కదా మాత్రల్లోనూ ఉండేది?

నిలకడ: గర్భకాలం మొత్తానికి తల్లికి, మాయకు, శిశువుకు కలిపి అదనంగా సుమారు 1,000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం కొద్దిగానే గ్రహిస్తుంది కనుక, బాగా తిన్నా చాలామందికి ఆ లోటు పూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ సూచించింది అందుకే. పైగా శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం పిండం ఏర్పడిన 28 రోజులకే మూసుకుంటుంది.

వేకువ: 28 రోజులకు చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. మరి మూడో నెలలో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ దేనికి? మీ మాటే మీ వాదాన్ని ఖండిస్తోంది.

మౌనవీణ: అందుకే దాన్ని గర్భం దాల్చకముందే మొదలుపెట్టమంటారు.

నిలకడ: రక్తకణాల తయారీకీ ఫోలిక్ యాసిడ్ కావాలి. మీరు ఆ 28 రోజులనే పట్టుకుని ఇనుము సంగతి వదిలేశారు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే గర్భిణికి సాధారణంగా రక్తహీనత ఉన్నట్లే. ఇటువంటి నిర్లక్ష్యం వల్లనే పిల్లలు బరువు తక్కువగా పుడుతున్నారు.

వేకువ: నిర్లక్ష్యమన్న మాట వెనక్కి తీసుకోండి. మాత్ర వేసుకున్న ప్రతిసారీ నాకు వాంతులయ్యేవి. ఆసుపత్రిలో చెప్పుకుంటే వినిపించుకోలేదు, మానేశాను. బాబు 2.1 కిలోలతో పుట్టాడు. నాకు రక్తపోటు పెరిగిన సంగతి అందరూ మరిచిపోయి, నేను తిన్నవీ తిననివీ ఈనాటికీ లెక్కపెడుతున్నారు.

మౌనవీణ: రక్తపోటు పెరిగినప్పుడు మాయకు రక్తం సరిగా అందక శిశువు ఎదుగుదల తగ్గవచ్చు. ఆ బరువును తల్లి కంచంతో మాత్రమే కొలవడం అన్యాయం. 1944-45 నెదర్లాండ్స్ కరవులో తొలి నెలల్లో పస్తులుండి, తరువాత తిండి దొరికిన తల్లుల పిల్లలు మామూలు బరువుతోనే పుట్టినా, పెద్దయ్యాక వారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. బరువును బట్టి అంతా తెలిసిపోదు.

నిలకడ: ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, వేకువ గారూ. మాత్రలు అనవసరమన్నది మాత్రం ఒప్పుకోను. రోజూ వేసుకుంటే పడనివారికి, రక్తహీనత తక్కువగా ఉన్న సమాజాల్లో, వారానికి ఒకసారి 120 మిల్లీగ్రాముల ఇనుమిచ్చే పద్ధతి కూడా ఉంది. మీకు మోతాదు మార్చి చూడవలసింది.

వేకువ: ఆ రోజు ఒక్కరు ఇలా చెప్పి ఉంటే నేను మానేసేదాన్ని కాదు.