అప్‌డేట్: చీమకుర్తి ఇంగ్లిష్ క్లాసు సంగతి

గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు సాయంత్రాలు ఇంగ్లిష్ చెబుతున్నానని, గ్రామర్ మొదలెడితే సగం మంది రావడం మానేస్తున్నారని ఆమధ్య అడిగాను కదా. పాఠం కాదు, ముందు సమస్య ఇవ్వమన్నారు కొందరు. 1960ల చివర్లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో డాక్టర్ల చదువు కోసం మొదలైన పద్ధతే ఇది.

సరుకు కొనే విదేశీ పార్టీ రాసినట్టు ఒక మెయిల్ తయారుచేసి ఇచ్చాను: గెలాక్సీ రకం గ్రానైట్ స్లాబుల అంచులు విరిగి వచ్చాయి, బిల్లులో తగ్గిస్తాం. ఏం చేస్తారు? అని అడిగి పక్కకు తప్పుకున్నాను. ఇక చూడండి, తెలుగులోనే గొడవ! ప్యాకింగ్‌లో విరిగాయా, కంటైనర్‌లోనా? పాలిషింగ్ మెషీన్ దగ్గర పనిచేసే అన్న ఒకాయన, "ముందు ఫొటోలు అడగాలి సార్, అవి చూడకుండా ఒప్పుకుంటే మునిగిపోతాం" అన్నాడు. చివరికి బోర్డు మీద ఆయనే రాశాడు: "ప్లీజ్ సెండ్ ఫొటోస్ ఆఫ్ ద బ్రోకెన్ స్లాబ్స్." గ్రామర్ అప్పుడు చెప్పాను, విన్నారు.

క్లాసులో తెలుగు వద్దన్న సలహా మాత్రం పాటించలేదు. ఏం రాయాలో తేలకుండా ఇంగ్లిష్‌లో ఏం రాస్తారు?

ఏబీసీడీలు కూడా రానివాళ్లకు ఇది ఇంకా కష్టంగానే ఉంది. వాళ్లను కాస్త ముందు రమ్మని, మెయిల్‌లో వచ్చే మాటలు విడిగా చెబుతున్నాను. తర్వాతి సమస్య క్రేన్ దగ్గర సేఫ్టీ గురించి. అది వాళ్లే తెచ్చారు.