కొలంబస్ (ఒహాయో)లో ముగ్గురికి ఏడాదికి 95,000 డాలర్లు సరిపోతాయా?

గోదావరి_గట్టు:

హెచ్1బి మీద డబ్లిన్‌లో (కొలంబస్ పక్క ఊరు) ఉద్యోగం, ఏడాదికి 95,000, బోనస్ లేదు. వారానికి 3 రోజులు ఆఫీసు, 2 రోజులు ఇంటి నుంచే. భార్యది హెచ్4 (డిపెండెంట్ వీసా), ఈఏడీ (పని చేసే అనుమతి) లేదు. పాపకి మూడేళ్లు, పుట్టింది ఇండియాలో. సామిల్ రోడ్డు దగ్గర రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్ 1,650 చెబుతున్నారు. అడ్రసులో డబ్లిన్ అనే ఉంది, లీజింగ్ ఆఫీసు వాళ్లేమో ఇది కొలంబస్ సిటీ కిందకి వస్తుందంటున్నారు. దాని వల్ల తేడా ఏమన్నా పడుతుందా? చేతికి ఎంత వస్తుంది, నెలకి ఎంత పోతుంది, లీజు మీద సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

పన్నులపద్దు:

తేడా పడుతుందండీ, అక్కడి నుంచే మొదలుపెడదాం. ఒహాయోలో ఫెడరల్, స్టేట్ పన్నులు కాక సిటీకి కూడా ఆదాయపు పన్ను కట్టాలి. కాలిఫోర్నియా, టెక్సాస్ నుంచి వచ్చేవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోరు. డబ్లిన్ 2 శాతం, కొలంబస్ 2.5 శాతం. పని చేసిన ఊరు ముందు తీసుకుంటుంది, ఉండే ఊరు ఆ కట్టినదానికి క్రెడిట్ ఇచ్చి మిగతాది అడుగుతుంది. మీ ఇల్లు కొలంబస్‌లో ఉంటే ఆఫీసు డబ్లిన్‌కి 2 శాతం పట్టుకున్నా, మిగిలిన అర శాతం మీరే కట్టాలి. చాలా పేరోల్‌లు దాన్ని పట్టుకోవు. బాకీ 200 డాలర్లు దాటిందంటే మూడు నెలలకోసారి ముందస్తు పన్ను కట్టాలి, లేదంటే వడ్డీ, పెనాల్టీ పడతాయి. చేరిన మొదటి వారంలోనే హెచ్‌ఆర్‌కి చెప్పి కొలంబస్ రెసిడెంట్ పన్ను కూడా పట్టుకోమనండి.

అడ్రసులో డబ్లిన్ అని ఉన్నంత మాత్రాన డబ్లిన్ కాదు. 43016 జిప్ కోడ్‌లో చాలా భాగం కొలంబస్ సిటీయే. ఒహాయో టాక్సేషన్ శాఖ సైట్లో 'ది ఫైండర్' అని ఉంటుంది, అందులో డోర్ నంబరుతో సహా కొడితే సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ రెండూ చూపిస్తుంది. సిటీ హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. కొలంబస్ సిటీలో ఉంటూ డబ్లిన్ స్కూళ్లకు వెళ్లే ఇళ్లు బోలెడు. కొన్ని డిస్ట్రిక్టులు విడిగా ఆదాయపు పన్ను వేస్తాయి: బెక్స్‌లీ 0.75 శాతం, రెనాల్డ్స్‌బర్గ్ 0.5 శాతం. డబ్లిన్, హిల్లియర్డ్, ఒలెంటాంజీలకు ఆ పన్ను లేదు.

ఇంకో మెలిక. సిటీ పన్నుకి 401కె (రిటైర్మెంట్ పొదుపు) మినహాయింపు పనికిరాదు. డబ్ల్యూ-2లో (ఆఫీసు ఏటా ఇచ్చే జీతం-పన్ను పత్రం) 5వ గడి (మెడికేర్ వేతనం) మీద లెక్కేస్తారు. హెల్త్ ప్రీమియం, పేరోల్ ద్వారా వేసే హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) మాత్రం ఆ వేతనంలోంచి తీసేస్తారు.

2025 రేట్లతో లెక్క ఇదీ. హెల్త్ ప్రీమియం ఏడాదికి 6,000, 401కె 5 శాతం (4,750) అనుకున్నా. ఉమ్మడి రిటర్న్‌లో స్టాండర్డ్ డిడక్షన్ (స్థిర మినహాయింపు) 31,500 పోగా ఫెడరల్ పన్ను 5,850 దగ్గర తేలుతుంది. పాపకి ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) ఉండదు కాబట్టి 2,200 చైల్డ్ క్రెడిట్ రాదు. ఐటీఐఎన్ (ఎస్‌ఎస్‌ఎన్ లేనివాళ్లకి ఇచ్చే పన్ను నంబరు) తీసుకుంటే 500 క్రెడిట్ వస్తుంది, అంటే 5,350. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 6,810. ఒహాయో సుమారు 1,790. సిటీలు రెండూ కలిపి 2,225. అన్నీ పోను చేతికి ఏడాదికి సుమారు 68,000, నెలకి 5,670.

భార్యకీ పాపకీ ఐటీఐఎన్ కోసం డబ్ల్యూ-7 ఫారం రిటర్న్‌తో పాటే వెళ్లాలి. ఒరిజినల్ పాస్‌పోర్ట్‌లు పోస్టులో పంపకండి, ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) గుర్తించిన సర్టిఫైయింగ్ ఏజెంట్ దగ్గర ధ్రువీకరించుకోండి. గడువు దాటాక ఐటీఐఎన్‌కి అప్లై చేస్తే ఆ ఏడాది 500 పోయినట్టే.

సామిల్_సందు:

అద్దె 1,650 అన్నారు కదా, అది అసలు అంకె కాదు. "నెలకి తప్పనిసరిగా కట్టాల్సినవన్నీ రాసివ్వండి" అని మెయిల్ పెట్టండి. చెత్త తీసుకెళ్లే ఫీజు, పెస్ట్ కంట్రోల్, నీళ్లు-మురుగు బిల్లు, కార్ షెడ్, రెంటర్స్ ఇన్సూరెన్స్ అన్నీ కలిసి 100 నుంచి 150 ఎగబాకుతుంది. అప్లికేషన్ ఫీజు, అడ్మిన్ ఫీజు తిరిగి రావు. క్రెడిట్ హిస్టరీ లేదంటే అదనపు డిపాజిట్ అడుగుతారు. ఆఫర్ లెటర్, ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం), ఇండియా బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి బేరమాడండి.

కరెంటు విషయంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: బిల్లు ఏఈపీ ఒహాయో (ఇక్కడి కరెంటు కంపెనీ) నుంచి నేరుగా వస్తుందా, మధ్యలో వేరే కంపెనీ పంపుతుందా? కొలంబస్ అపార్ట్‌మెంట్లలో సబ్‌మీటరింగ్ (మధ్య కంపెనీ మీటరు పెట్టి బిల్లు వేయడం) ఎక్కువ. మధ్య కంపెనీ అయితే సప్లయర్‌ని మార్చుకునే వీలు ఉండదు, పైన దాని ఛార్జీలు కూడా మీవే. ఏఈపీ నేరుగా ఇస్తే పీయూసీఓ (ఒహాయో కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థ) వాళ్ల 'యాపిల్స్ టు యాపిల్స్' పేజీలో రేట్లు పోల్చుకుని ఎంచుకోవచ్చు. బిల్లు మీద 'ప్రైస్ టు కంపేర్' అని ఉండే రేటు కన్నా తక్కువైతేనే మారండి, ఒప్పందం గడువు అయిపోయాక ఏ రేటుకి పోతుందో చూడండి. తలుపు తట్టి "మీ బిల్లు ఒకసారి చూపించండి" అనేవాళ్లకి అకౌంట్ నంబరు ఇవ్వొద్దు, ఆ నంబరుతోనే సప్లయర్‌ని మార్చేస్తారు.

హీటింగ్ గ్యాసా, కరెంటా అన్నది కూడా ఇప్పుడే తెలుసుకోండి. పాత కాంప్లెక్సుల్లో గోడ కింద బేస్‌బోర్డ్ హీటర్లు ఉంటే జనవరి, ఫిబ్రవరి కరెంటు బిల్లు రెండింతలు, మూడింతలు అవుతుంది. గ్యాస్ అయితే చలికాలం తేలిక, కానీ జులైలో పొయ్యి తప్ప ఏమీ వాడకపోయినా నెలకి 40 డాలర్లకి పైనే స్థిర ఛార్జీ పడుతుంది. పాత అద్దెదారు జనవరి బిల్లు ఎంతో లీజింగ్ ఆఫీసులో అడగండి.

ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ 30 రోజుల్లో ఇవ్వాలని ఒహాయో చట్టం. మీరు కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, నోటితో చెప్తే చెల్లదు. చేరిన రోజే గోడలు, కార్పెట్, ఓవెన్ లోపల, కిటికీ జాలీలు అన్నీ వీడియో తీసి మేనేజర్‌కి మెయిల్ చేసేయండి. కార్పెట్ మరకల పేరు చెప్పి డిపాజిట్‌లో కోసేయడం ఎక్కువ.

గోదావరి_గట్టు:

చాలా థ్యాంక్స్ అండీ. చెత్త, నీళ్ల సంగతి అడిగితే 85 అన్నారు, ఇప్పుడే తెలిసింది. మరి పాప ప్రీస్కూల్, కారు, సరుకులు?

బొగ్గుల_కుంపటి:

డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకి పన్ను లేకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) పెట్టుకోకండి. తల్లిదండ్రులిద్దరూ పని చేస్తుండాలి, లేదా ఒకరు పూర్తి సమయం చదువుతుండాలి. హెచ్4లో భార్య ఇంట్లో ఉంటే ఆ డబ్బు వాడుకోలేరు, ఏడాది చివర పోతుంది. ప్రీస్కూల్ వారానికి 3 పూటలైతే 350 దగ్గర ఉంటుంది, రోజంతా డేకేర్ అయితే వెయ్యి దాటుతుంది. ఈఏడీ వచ్చి ఉద్యోగం దొరికినప్పుడు ఈ తేడా ముందు గుర్తు పెట్టుకోవాలి.

కారు ఒకటి తప్పదు. ఇక్కడ కోటా (కొలంబస్ బస్సు సంస్థ పేరు) బస్సు ఉన్నా సామిల్ వైపు నుంచి ఆఫీసుకి, పాప స్కూలుకి దాని మీద ఆధారపడటం కష్టం. ఇన్సూరెన్స్‌కి ఒహాయో కనీసం 25,000/50,000/25,000 (అవతలి ఒకరి గాయాలకి/ఒక ప్రమాదంలో మొత్తం గాయాలకి/అవతలివాళ్ల ఆస్తి నష్టానికి). అది చాలదు, ఒక మాదిరి కొత్త కారుకి డ్యామేజీ కట్టాల్సి వస్తేనే 25,000 అయిపోతుంది. 100,000/300,000/100,000 అడగండి, తేడా నెలకి కొద్ది డాలర్లే. అమెరికా డ్రైవింగ్ చరిత్ర లేకపోతే మొదట్లో ఎక్కువ వేస్తారు, ఆరు నెలలకోసారి వేరే కంపెనీల కొటేషన్ తీసుకుంటే దిగుతుంది. పొగ పరీక్ష (ఈ-చెక్) క్లీవ్‌లాండ్ వైపే, ఇక్కడ లేదు.

సరుకులకి ఒహాయోలో ఇంటికి కొనుక్కెళ్లే తిండి మీద సేల్స్ టాక్స్ లేదు. రెస్టారెంట్లో కూర్చుని తింటే ఫ్రాంక్లిన్ కౌంటీలో 8 శాతం (2025 ఏప్రిల్ నుంచి). బియ్యం, కందిపప్పు, మినప్పప్పు ఇండియన్ స్టోర్లో. పాలు, గుడ్లు, కూరలు ఆల్డీలోనో క్రోగర్‌లోనో కొనండి. కొత్తిమీర, టమాటా కూడా ఇండియన్ స్టోర్లోనే తెచ్చుకుంటే బిల్లు పెరుగుతుంది.

నెల లెక్క: అద్దె 1,650, నీళ్లు-చెత్త 85, కరెంటు 110, గ్యాస్ 60 (ఏడాది సగటు), ఇంటర్నెట్ 60, ఫోన్లు 60, కారు కంతు 400, ఇన్సూరెన్స్ 170, పెట్రోలు 130, సరుకులు 750, ప్రీస్కూల్ 350, డాక్టరు-మందులు 150. మొత్తం 3,975. పన్నులపద్దు గారు చెప్పిన 5,670 నుంచి తీస్తే 1,695 మిగులుతుంది. ఇందులో బట్టలు, బయట తిండి, మూడు ఇండియా టికెట్లు కూడా రావాలి. మొదటి ఏడాది సోఫా, మంచాలు, చలికోట్లకి విడిగా 3,000 పక్కన పెట్టుకోండి.

పన్నులపద్దు:

ఒక్క మాట. మీరు ఇల్లు సిటీ హద్దు బయట, డెలావేర్ కౌంటీ ఆరెంజ్ టౌన్‌షిప్‌లాంటి చోట తీసుకుంటే ఉండే ఊరికి సిటీ పన్ను ఏమీ లేదు. ఇంటి నుంచి పని చేసిన 2 రోజులకి డబ్లిన్ పట్టుకున్నది రిఫండ్ అడగొచ్చు. ఏ రోజు ఎక్కడ పని చేశారో క్యాలెండర్, దాన్ని ధ్రువీకరిస్తూ ఆఫీసు సంతకం ఉండాలి. కొలంబస్‌లోనే ఉంటే ఆ రోజులవి కొలంబస్‌కి పోతాయి, మొత్తం 2.5 శాతమే. ఈ రెండింటికీ ఏడాదికి వెయ్యి డాలర్లకి పైనే తేడా ఉంటుంది, కానీ అక్కడ అద్దె నెలకి 100 ఎక్కువైతే ఆ లాభం అంతా అద్దెకే పోతుంది.