తాగి గుద్దినవాడితో పాటు పోసిన బార్ కూడా బాధ్యత మోయాలా?

పక్కసీటు:
ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. నాలుగేళ్ల కిందట మా బావ నడుపుతున్న కారును, రాంగ్ సైడులో వచ్చిన ఇంకో కారు గుద్దింది. పక్క సీట్లో నేనున్నాను. నాకు రెండు పక్కటెముకలు విరిగి అతుక్కున్నాయి. మా బావ కుడికాల్లో రాడ్ వేశారు. ఇప్పటికీ మెట్లు దిగే ముందు గోడ తడుముకుంటాడు. గుద్దినవాడు తాగి ఉన్నాడు, శిక్ష పడింది. కానీ పరిహారం కట్టడానికి అతని దగ్గర ఏమీ లేదు.

కేసు కాగితాల్లో అతని బార్ బిల్లు చూశాను. మూడున్నర గంటల్లో తొమ్మిది పెగ్గులు. ఆఖరిది 11.42కి. మమ్మల్ని గుద్దింది 12.05కి. మొదటి పెగ్గు గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ 11.42 గురించే అడుగుతున్నాను. అది పోసిన వ్యాపారానికి కూడా బాధ్యత ఉండాలని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

లెక్కలమాస్టారు:
మీకు జరిగింది విని చాలా బాధ కలిగింది. అయినా కాదనే అంటాను. గ్లాసు ఎత్తింది అతను, తాళం తిప్పింది అతను. కత్తి అమ్మినవాణ్ణి హత్యకు బాధ్యుణ్ణి చేస్తామా? బాధ్యతను పదిమందికి పంచితే తాగేవాడి నెత్తిన బరువు తగ్గుతుంది. "వాళ్లు పోశారు కాబట్టి తాగాను" అనే సాకు మనమే చేతికిచ్చినట్టవుతుంది. ఇంకొకటి, ఒకడు మూడు చోట్ల తాగి బయల్దేరితే ఎవర్ని పట్టుకుంటారు?

నల్లకోటు:
మాస్టారూ, మీరన్నది పాత ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల నుంచి పుట్టిన చట్టం) మాటే. గాయానికి కారణం తాగడం, అమ్మడం కాదు అనేవారు. అమెరికాలో 19వ శతాబ్దంలోనే కొన్ని రాష్ట్రాలు దీన్ని చట్టంతో మార్చాయి. వాటికి డ్రామ్ షాప్ చట్టాలని పేరు. డ్రామ్ అంటే మందు కొలిచి పోసే చిన్న కొలత.

మూడు చోట్ల తాగితే అన్నారు కదా, సరిగ్గా అలాంటి కేసే ఉంది. 1959లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ముందుకొచ్చిన రాపపోర్ట్ వర్సెస్ నికోల్స్. ఒక మైనర్ ఒకే రాత్రి పలు బార్లలో తాగి కారు నడిపి ఒకాయన ప్రాణం తీశాడు. ఆయన భార్య ఆ బార్ల మీద దావా వేసింది. ప్రత్యేక చట్టం లేకపోయినా నిర్లక్ష్యం కింద ఆ దావా నడుస్తుందని కోర్టు చెప్పింది. అందరూ ఆ దారిన పోలేదు లెండి. కాలిఫోర్నియాలో కోర్టులు ఇలాగే తీర్పులిస్తే 1978లో శాసనసభ వాటిని చట్టంతో కొట్టేసింది. పైకి కనిపించేంత మత్తులో ఉన్న మైనర్‌కు పోస్తే తప్ప అక్కడ బార్ మీద దావా కుదరదు.

కత్తి పోలిక మాత్రం ఒప్పుకోను. కత్తి అమ్మితే కొన్నవాడి బుద్ధి మారదు. మందు అలా కాదు, అమ్మినకొద్దీ కొనేవాడి విచక్షణ కరుగుతుంది. ఎనిమిదో పెగ్గు అడిగేవాడు మొదటిది అడిగినవాడు కాదు. ఆ తేడా పోసేవాడి కళ్ల ముందే జరుగుతుంది.

రాత్రిషిఫ్ట్:
బార్ కౌంటర్ వెనక ఆరేళ్లు పనిచేశాను. లాయరు గారు "కళ్ల ముందే" అన్నారు, సగమే నిజం. తూలేవాణ్ణి చూసి చిన్నపిల్లాడైనా చెప్తాడు. అలవాటుపడ్డవాళ్లు తూలరు. స్టూలు మీద నిటారుగా కూర్చుంటారు, మాట ముద్దవదు. నేను చేతులు చూసేవాణ్ణి. కార్డు పెట్టి పిన్ కొట్టేటప్పుడు వేలు మీట పక్కన పడుతుంది. మళ్లీ కొడతాడు, మళ్లీ పక్కనే. అప్పుడు ఆపేవాణ్ణి.

ఆపడం అంటే "ఇక చాలండి" అనడం కాదు, అంటే గొడవే. ముందు నీళ్ల జగ్గు పెడతాం. ఆర్డరు ఆలస్యం చేస్తాం. తాగని స్నేహితుడెవరైనా ఉంటే పక్కకు పిలిచి తాళాలు తీసుకోమంటాం. ఒకసారి ఇలా ఆపినందుకు నా కాలరు పట్టుకున్నాడు ఒకాయన. మేనేజర్ వచ్చి ఆయనకే సారీ చెప్పి, ఇంకో పెగ్గు నా చేతే పోయించాడు. ఆ రాత్రి ఆయన ఇంటికి క్షేమంగా చేరాడో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ టెన్షన్ నన్ను వదల్లేదు, ఆ ఉద్యోగం మానేశాను.

కాబట్టి బాధ్యత ఉండాలంటాను. కానీ వ్యాపారం మీద, జీతగాడి మీద కాదు. "ఇంకో రౌండు అడుగు" అని వెనక నుంచి పొడిచేది యజమాని. ఆయన జేబుకు తగిలితేనే మాలాంటివాళ్లకు "వద్దు" అనే ధైర్యం వస్తుంది.

లెక్కలమాస్టారు:
మీ అనుభవం చదివాక నా మొదటి మాట కొంచెం మెత్తబడింది. అయినా రెండు చిక్కులు చెప్తాను.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 2002లో ఒకతను హోటల్లో తాగుతూ తన మోటార్‌సైకిల్‌ను లోపల దాచమన్నాడు. దాచారు. తర్వాత తాళాలడిగాడు. "మీ భార్యకు ఫోన్ చేయనా" అని హోటలు నడిపే ఆయన అడిగితే కోపంగా వద్దన్నాడు. బండి ఇచ్చేశారు. దారిలో ప్రమాదమై అతనే చనిపోయాడు. 2009లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత కోర్టు, హోటలుది బాధ్యత కాదంది. పెద్దమనిషి బండిని అతనికి ఇవ్వకుండా పట్టి ఉంచే హక్కు వాళ్లకెక్కడిది? నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది.

రెండోది డబ్బు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం 2017లో, సాయంత్రం 5 తర్వాత మందు పోసే బార్లకు 10 లక్షల డాలర్ల బీమా తప్పనిసరి చేసింది. అప్పట్లో అక్కడున్న పద్ధతిలో, తప్పులో చిన్న వాటాయే ఉన్న బార్ కూడా మొత్తం పరిహారం కట్టాల్సి వచ్చే వీలుండేది. దాంతో ప్రీమియాలు పెరిగిపోయి చిన్న చిన్న బార్లు మూతపడ్డాయి. చేసిన తప్పుకు మించి కట్టించడం న్యాయమా?

నల్లకోటు:
అది న్యాయం కాదు, ఒప్పుకుంటాను. మొత్తం కట్టించాలని ఎవరన్నారు? కెనడా చూడండి. జోర్డన్ హౌస్ అనే హోటలు, తరచూ వచ్చే ఒకాయన్ను రాత్రిపూట మత్తులో హైవే మీదకు గెంటేసింది. తోడు లేకుండా వస్తే ఆయనకు పోయొద్దని సిబ్బందికి ముందే చెప్పి ఉంది కూడా. నడిచి వెళ్తుంటే కారు గుద్దింది. 1973లో సుప్రీంకోర్టు ఖరారు చేసిన వాటాలు: హోటలుకు మూడోవంతు, డ్రైవరుకు మూడోవంతు, తాగినాయనకు మూడోవంతు. మాస్టారు భయపడ్డ సాకు ఇక్కడెక్కడుంది? తాగినాయన తన వాటా తాను మోశాడు.

అదే కోర్టు 1995లో స్టూవర్ట్ వర్సెస్ పెట్టీ కేసులో, రోడ్డు మీది మూడోవాళ్ల పట్ల కూడా బార్‌కు బాధ్యత ఉంటుందని చెబుతూనే, ఆ కేసులో వదిలేసింది. ఎందుకంటే తాగినవాడి బల్ల దగ్గర తాగని మనుషులిద్దరున్నారు, వాళ్లలో ఒకరు నడుపుతారని అనుకోవడం తప్పు కాదంది.

పక్కసీటు:
మాస్టారు గారూ, మీ టాస్మేనియా కేసులో పోయింది తాగినతను. వద్దన్నదీ అతనే, దెబ్బ తగిలిందీ అతనికే. మా బావను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తేడా నాకు పెద్దది.

పైగా తాళాలు లాక్కోమని నేను అడగడం లేదు. పోయొద్దంటున్నాను. తాళం అతని సొత్తు, సీసా బార్‌ది. తన సీసా వంచకుండా ఉండటానికి ఎవరి హక్కునూ తొక్కనక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన పిన్ సంగతి చదివి మళ్లీ ఆ బిల్లు తీశాను. కార్డుతోనే కట్టాడు. ఇంకో విషయం ఆ తర్వాత డాక్టరు చెబితే తెలిసింది. కాలేయం గంటకు దాదాపు ఒక్క పెగ్గునే కరిగించగలదట, కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదట. ఆఖరి పెగ్గు తాగాక కూడా అరగంటో గంటో రక్తంలో మత్తు ఎక్కుతూనే ఉండొచ్చట. అంటే 11.42కి కౌంటర్ దగ్గర ఎలా కనిపించాడో, 12.05కి స్టీరింగ్ దగ్గర అంతకంటే ఎక్కువ మత్తులో ఉండి ఉండొచ్చు. "చూడ్డానికి బాగానే ఉన్నాడు" అంటే సరిపోదు, మూడున్నర గంటల్లో తొమ్మిది అనే లెక్క వాళ్ల మిషన్‌లోనే ఉంది కదా.

మూడోవంతు కూడా అడగను. ఆ బార్ వాటా పదోవంతే అని కోర్టు తేల్చినా తీసుకుంటాను. అసలు వాటాయే లేదంటే మాత్రం ఒప్పుకోలేను.

రాత్రిషిఫ్ట్:
కార్డు మిషన్‌లో తప్పు పిన్ ప్రయత్నాలు కూడా సాధారణంగా బ్యాంకు దగ్గర నమోదవుతాయండి. మీ కేసు ఇంకా నడుస్తుంటే ఆ రికార్డు తెప్పించమని మీ లాయరును అడగండి.