స్క్రీన్ మీద 212, చేతికొచ్చేసరికి 216: ధర ఎవలు పెడుతున్నరు?

హన్మకొండ చౌరస్తా:
ఒక స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీ) షేర్. రిజల్ట్స్ మంచిగనే వచ్చినయి, నికర లాభం 18 శాతం పెరిగింది. ఎల్‌టీపీ (ఆఖరి బేరం ధర) 212 ఉన్నప్పుడు 2,000 షేర్లకు మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకే కొనే ఆర్డర్) పెడితే సగటు 216 పడ్డది. పది నిమిషాలకు మళ్ల 211. నడుమ కొత్త వార్త ఏం లేదు. లాభం పెరిగినా షేర్ పడుడేంది? 212 చూపెట్టి 216కు ఇచ్చుడేంది? బ్రోకర్ గోల్‌మాలా?

కాజీపేట జంక్షన్:
బ్రోకర్‌కు దీంతోని సంబంధం లేదు. ఎల్‌టీపీ అంటే అయిపోయిన బేరం. గదే ధరకు ఇంకో షేర్ ఇస్తమని ఎవలూ మాట ఇయ్యలే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుల జెండా పాట (ఆ రోజు పలికిన పై రేటు) ఎంత పలికిందో ఇని, అన్ని బస్తాలకు గదే రేటు అనుకున్నట్టుంటది.

చూడాల్సింది మార్కెట్ డెప్త్, అంటే ఏ ధరకు ఎన్ని షేర్లు కొనేటోళ్లు, అమ్మేటోళ్లు ఉన్నరన్న పట్టీ. ఇట్ల ఉందనుకో: కొనేటోళ్లల్ల అందరికన్న పైది 211.60. అమ్మేటోళ్లు 212.40కి 150, 212.90కి 300, 214కి 250, 216కి 500, 218.50కి 1,200. నీ 2,000 మొదటి నాలుగు మెట్లు మొత్తం ఊడ్చేసి, ఇంకో 800 అయిదో మెట్టుల తీసుకుంటది. మొత్తం 4,32,030 రూపాయలు, సగటు 216.01. కొనేటోళ్ల 211.60కు, అమ్మేటోళ్ల 212.40కు నట్టనడుమ ధర 212 కాబట్టి 1.89 శాతం ఎక్కువ పెట్టినట్టు. దీన్నే ఇంపాక్ట్ కాస్ట్ అంటరు. పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50ల చేరాల్నంటే 10 కోట్ల రూపాయల షేర్ల బుట్టకే ఇది 0.50 శాతం దాటొద్దు, అదీ ఆరు నెలల లెక్కల 90 శాతం సార్లు. మనోడికి నాలుగు లక్షలకే గింత!

ఇప్పుడు ఎల్‌టీపీ 218.50 చూపిస్తది. కిందికెళ్లి 211.60 కొనేటోడు మాత్రం ఆడనే ఉన్నడు. తర్వాత ఎవడన్న 50 షేర్లు మార్కెట్ రేటుకు అమ్మినా స్క్రీన్ మీద 211.60 పడ్తది. అంటే ధర పడలేదు, నువ్వు ఎక్కించిందే దిగింది.

పోచమ్మ మైదాన్:
రిజల్ట్స్ సంగతి వేరే. 18 శాతం పెరుగుడు కాదు, మార్కెట్ ఎంత అనుకున్నదో దానితోని పోల్చాలె. 25 అనుకుని ముందే కొనిపెట్టుకుంటే 18 చెడ్డ వార్తే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం ప్రకారం బోర్డు మీటింగ్ ఒడిసిన 30 నిమిషాలల్ల ఫలితాలు ఎక్స్ఛేంజ్‌కు పంపాలె. మార్కెట్ మూసినంక మీటింగ్ ఒడిస్తే 3 గంటలు. అవి ఎక్స్ఛేంజ్ సైట్ల పడంగనే సదివి ఆర్డర్ కొట్టేటోళ్లు ఉంటరు. వాట్సప్‌ల నీ దాకా వచ్చేసరికి ఆ వార్త ధరల కలిసిపోయి ఉంటది.

ఇంకోటి గమనించు. ఫలితాల ముందు స్ప్రెడ్ (కొనేటోళ్ల ధరకు, అమ్మేటోళ్ల ధరకు నడుమ తేడా) పెద్దగైతది. లిమిట్ ఆర్డర్ (ఇంతకన్న ఎక్కువకు కొన, ఇంతకన్న తక్కువకు అమ్మ అనే ఆర్డర్) పెట్టి కూసున్నోనికి భయం: అవతలోడికి నాకన్న ఎక్కువ తెల్సేమో అని. అందుకే దూరం జరుగుతడు, పరిమాణం తగ్గిస్తడు. చిన్న ఆర్డర్‌కు కూడ ధర ఎక్కువ కదిలేది అందుకే.

కాజీపేట అన్నా, జెండా పాట పోలిక సగమే అతుకుతది. ఆడ ఒక్కో రాశి నాణ్యత వేరు, తేమ ఎక్కువున్నా తాలు కలిసినా రేటు కోస్తరు. షేర్లన్నీ ఒక్కటే, ఈడ తేడా వచ్చేది పరిమాణంతోనే.

కాజీపేట జంక్షన్:
ఒప్పుకుంట. నాణ్యత సంగతి మర్సిన.

హన్మకొండ చౌరస్తా:
మరి లిమిట్ పెడితే అయిపాయె గదా? లేకుంటె ప్రీ-ఓపెన్ల (మార్కెట్ తెరిసేముందు ఆర్డర్లు తీసుకునే టైంల)?

రంగశాయిపేట:
లిమిట్‌తోని ఎక్కువ పెట్టుడు ఆగుతది, కానీ దానికీ ఒక తిప్పల ఉంది. 211కి కొనుగోలు పెట్టి మర్సిపోతే, చెడ్డ వార్త వచ్చిన క్షణంలనే అది నిండుతది. మంచి వార్త వస్తే ధర పైకి పోతది, నీ ఆర్డర్ ఆడనే మిగుల్తది. అందుకే ఫలితాల రోజు పాత లిమిట్లు తీసెయ్యి. 2,000 ఒక్కసారి కాకుండ, పై రెండు మెట్లల్ల ఉన్నంత మటుకే తీసుకో. ఆ మెట్లు మళ్ల నిండినంక ఇంకో ముక్క. నిండకపోతే ఆ రోజు ఊకో.

ప్రీ-ఓపెన్ 9 గంటలకు మొదలైతది, 9:07కు 9:08కు నడుమ ఎప్పుడైనా ఆర్డర్లు తీసుకునుడు ఆపుతరు. ఏ ధరకైతే ఎక్కువ షేర్లు చేతులు మారుతయో, అందరికీ గదే ధర. రాత్రి వచ్చిన వార్తకు ఇది మంచి చోటు, పెద్ద షేర్లల్ల. స్మాల్‌క్యాప్‌ల మాత్రం 9:05కు కనబడే ధర నమ్మకు. పెద్ద ఆర్డర్ పెట్టి, మూసేముందు తీసేసుకునేటోళ్లు ఉంటరు. ఆడ కూడ లిమిటే పెట్టు.