అమ్మ పాత చీరలు కోసి క్విల్ట్ చెయ్యొచ్చా, లేక బొంతే కుట్టాలా? ప్లస్ అమ్మని హ్యూస్టన్ షోకి తీసుకెళ్ళడం గురించి

తెనాలి_టు_టెక్సాస్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే ఫస్ట్, కొంచెం పొడుగు అవుద్ది ఏమనుకోకండి.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2021లో ఇంట్లోనే కూర్చుని ఏం చెయ్యాలో తోచక యూట్యూబ్ చూసి క్విల్టింగ్ (గుడ్డముక్కలు కలిపి కుట్టి, మధ్యలో దూది పొర, వెనకాల ఇంకో గుడ్డ పెట్టి దుప్పటి చెయ్యడం) మొదలెట్టా, ముందు మా చెల్లి పాపకి తొమ్మిదేసి చదరాలతో ఒక నైన్ ప్యాచ్, తర్వాత మావాడి సాకర్ టీషర్ట్‌లన్నీ కలిపి ఒకటి, ఆ తర్వాత లాగ్ క్యాబిన్ (మధ్యలో చదరం, చుట్టూ పట్టీలు కుట్టే డిజైన్) మొదలెట్టి సగంలో ఆపేసి క్లోజెట్‌లో పడేశా. మా ఆయన దాన్ని శవం అంటాడు. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే "డబ్బులు పెట్టి కొత్త గుడ్డ కొని, ముక్కలు కోసి, మళ్ళీ ఆ ముక్కలు కుట్టి గుడ్డ చెయ్యడమేంటే, అక్కడ మీకు పనేం లేదా" అంది. గజం 12 డాలర్లని చెప్పలేదు, చెప్తే ఫోన్ పెట్టేసేది.

అసలు విషయం. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు బీరువా సర్దుతుంటే అమ్మ పాత చీరలు దొరికాయి, నా సూట్‌కేస్‌లో వేసుకొచ్చేశా. మంగళగిరి రెండు, వెంకటగిరి రెండు, ఒక పోచంపల్లి, ఒక ఎర్ర నారాయణపేట. అన్నీ నూలువే. మెత్తగా, దీపం ముందు పట్టుకుంటే అవతల మనిషి కనపడేంత పల్చగా అయిపోయాయి. అమ్మ అక్టోబర్ మొదట్లో వస్తోంది, సంక్రాంతి లోపు వెళ్ళిపోవాలంట. ఆవిడ ఉండగానే ఇద్దరం కలిసి ఏదో ఒకటి చెయ్యాలని ఉంది.

నా డౌట్లు ఏంటంటే ఇంత పల్చటి గుడ్డ మామూలు క్విల్టింగ్ కాటన్‌తో కలిపి కుడితే నిలుస్తుందా? రంగు దిగితే ఎలా? ఇంకోటి, ఆవిడ ఇక్కడ ఉన్నప్పుడే హ్యూస్టన్ ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్‌కి అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నా, ఆవిడకి 68, మోకాళ్ళు నొప్పులు. వెళ్ళినవాళ్ళు చెప్పండి, అంత నడవగలదా? మా ఆయన, పిల్లలిద్దరూ కూడా వస్తారు, వాళ్ళని ఏం చెయ్యాలి?

గుడ్డపీలికలు:
హాయ్ అండి, నేను హ్యూస్టన్‌లోనే ఉంటా, చీరలతో ఇప్పటికి మూడు చేశా కాబట్టి చెప్తున్నా. నిలుస్తుంది, కానీ చీరని చీరలా చూస్తే కుదరదు. ముందు ఒక్కో చీర విడివిడిగా చల్లనీళ్ళలో ఉతకండి, వాషర్‌లో దిగిన రంగు పీల్చుకునే కలర్ క్యాచర్ షీట్ ఒకటి వేసి. షీట్ తెల్లగా బయటికొచ్చే దాకా ఎన్నిసార్లైనా సరే ఉతకాల్సిందే. నారాయణపేట ఎరుపుతో జాగ్రత్త, నా దగ్గర అలాంటి ఎరుపే ఒకటి నాలుగు ఉతుకులు తీసుకుంది. ఉప్పేస్తే రంగు ఆగుతుందని పెద్దవాళ్ళు అంటారు గానీ నాకైతే ఎప్పుడూ ఆగలా.

తర్వాత చీర ఎత్తి కిటికీ వైపు పట్టుకుని చూడండి. కుచ్చిళ్ళ కింద నేలకి రాసుకునే భాగం, భుజం దగ్గర పిన్ను పెట్టిన భాగం చిరుగులు పట్టి ఉంటాయి, అవి వదిలేయండి. లోపలి చుట్టు, అంటే నడుం దగ్గర దోపుకునేది, అది కొత్తదానిలా ఉంటుంది. జరీ అంచు ఉంటే వేరుగా కోసి పక్కన పెట్టండి, జరీ పక్కనే గుడ్డ ముందు చిరుగుద్ది, ఇస్త్రీకి కూడా తంటా.

కోసే ముందే గుడ్డ వెనకాల ఇస్త్రీతో అతికే పల్చటి ఇంటర్‌ఫేసింగ్ వెయ్యాలి, నేసిన రకం తీసుకోండి, కాగితంలా ఉండేది వద్దు, అది వేస్తే చీర మెత్తదనం మొత్తం పోయి అట్టముక్కలా అవుద్ది. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. ట్రయాంగిల్స్ జోలికి వెళ్ళకండి, ఏటవాలుగా కోస్తే చీర గుడ్డ సాగి సాగి ఎక్కడికో పోతుంది, చదరాలు, పట్టీలు చాలు. మీ లాగ్ క్యాబిన్ శవానికి ఈ పట్టీలే ప్రాణం పోస్తాయేమో చూడండి. మిషన్‌కి సూది 70 సైజు మైక్రోటెక్స్ (సన్న మొన ఉండేది), కుట్టు పొడవు 2 పెట్టండి, పావు అంగుళం కుట్టు వదులు ఎటూ తెలిసిందే.

ఇంకోటి, బ్యాకింగ్‌కి, అంటే క్విల్ట్ వెనకవైపు గుడ్డకి, చీర కన్నా మంచిది లేదు. అయిదున్నర మీటర్లంటే దాదాపు 216 అంగుళాలు, సగానికి కోస్తే రెండు 108 అంగుళాల ముక్కలు, వెడల్పు 45 అనుకుంటే పక్కపక్కన కలిపితే దాదాపు 89 బై 108 వస్తుంది. పొరలన్నీ కలిపి కుట్టే పెద్ద లాంగార్మ్ మిషన్ వాళ్ళకి ఇచ్చేటట్టైతే చుట్టూ 4 అంగుళాలు ఎక్కువ అడుగుతారు కాబట్టి పైభాగం 80 బై 100 దాటనివ్వకండి. ఒక్క చీరతో క్వీన్ సైజు వెనక అయిపోయినట్టే. షాప్‌లో అంత బ్యాకింగ్ కొంటే బానే ఖర్చవుతుంది.

బతుకమ్మ_బాల్కనీ:
అక్కా నేను హైదరాబాద్ నుంచి. నాకు ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది, తప్పుగా అనుకోవద్దు. అమ్మ చీరలు ముక్కలు ఎందుకు కోస్తున్నరు? మా అమ్మమ్మ బొంత కుడితే ఒక్క కత్తెర కూడా పడకుండె. నాలుగైదు చీరలు ఉతికి ఆరేసి, మడతలు లేకుండ ఒకదాని మీద ఒకటి నేల మీద పరిచి, నాలుగు మూలలకు నాలుగు చెంబులు పెట్టి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసేటిది, ఆ తర్వాత దబ్బనం తీసుకొని అంచు నుంచి లోపలికి కుట్టుకుంట వచ్చేటిది. దూది లేదు గీది లేదు. చలికాలం అంటే అదే బొంత, మా అక్క కొడుకు పుట్టినప్పుడు వాని కింద పరిచింది కూడ అదే, ఎన్నిసార్లు తడిపిండో లెక్కలేదు. పాత నూలుచీర బొంత అంత మెత్తగ ఇంకోటి ఉండదు చంటిపిల్లలకు.

మా కాలనీల ఇప్పటికీ అప్పుడప్పుడు బొంతలు కుట్టేటోళ్ళు వస్తరు, పాత చీరలు మనవే ఇయ్యాలె, గేటు ముంగట్నే కూసొని సాయంత్రానికి కుట్టి ఇచ్చి పోతరు. మొన్న రెండు కుట్టించిన.

అట్లనే ఉత్తర కన్నడ దిక్కు సిద్దీలని ఉన్నరు, ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ళ సంతతి, యల్లాపుర దగ్గర. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంత పేరు కవందీ. అది ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూత ముక్కలు పెట్టుకుంట, కుట్టుకుంట, తిరుగుకుంట నడిమికి వచ్చి అయిపోతది, నాలుగు మూలలకు మడతపెట్టిన గుడ్డ పూలు కుట్టాల్సిందే. మిషన్ లేదు, స్కేల్ లేదు, నమూనా లేదు. చిరుగులు ఉన్న చీరలు ఉంటే అవి మాత్రం కోసి గట్ల చెయ్యండి, మంచివి మాత్రం ముట్టుకోవద్దు. ఇది నా అభిప్రాయమే.

మొక్కజొన్న_బాబాయ్:
నేను మగాణ్ణే, క్విల్టర్నే, ముందే చెప్తున్నా, ప్రతిసారీ ఎవరో ఒకరు "మీ మిసెస్‌కి చెప్పండి" అని రిప్లై పెడతారు. మా మిసెస్‌కి బొత్తాం కుట్టుకోవడం కూడా రాదు.

ఒమాహాలో ఉంటా, గంట దూరంలో లింకన్‌లో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది, యూనివర్సిటీ ఆఫ్ నెబ్రాస్కా వాళ్ళది. 1997లో ఒక దంపతులు 950 క్విల్ట్‌లు ఇస్తే మొదలైంది, ఇప్పుడున్న బిల్డింగ్ 2008లో కట్టారు. రెండేళ్ళ కిందట మా అత్తగారు వచ్చినప్పుడు తీసుకెళ్ళా. లోపల లైట్లు చాలా తగ్గించి ఉంటాయి, వెలుతురికి రంగు పోకుండా, ఆవిడ "కరెంటు బిల్లు కట్టలేదా" అంది. మన దేశం వైపు బొంత ఒకటి గోడకి వేలాడదీసి ఉంది, దాని ముందు ఆగిపోయి అయిదు నిమిషాలు కదలకుండా చూసి, "ఇలాంటిది మా ఇంట్లో కూడా ఉండేది, దాని మీద కుక్క పడుకునేది" అంది. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా ఆవిడకి ఆ బొంత గోలే. ఊరెళ్ళాక ఫోన్ చేసి, అటకమీద వెతికితే ఒకటి దొరికింది అంది.

కొయ్యాలా వద్దా అన్నదానికి నా ఓటు కొయ్యమనే. అలబామాలో గీస్ బెండ్ అని ఊరు ఉంది, నల్లజాతి ఆడవాళ్ళు, పొలంలో చిరిగిపోయిన ప్యాంట్లు, పని బట్టలు కోసి క్విల్ట్‌లు కుట్టుకున్నారు, చలికి కప్పుకోవడానికి. అవే 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టారు, 2006లో పోస్టల్ స్టాంపులు కూడా వేశారు. చిరిగిన బట్ట కొయ్యడంలో అవమానం ఏం లేదు హైదరాబాద్ చెల్లెమ్మా. బీరువాలో ఉన్నా మడతల దగ్గర చిరుగుతూనే ఉంటాయి కదా.

గుడ్డపీలికలు:
షో గురించి చెప్పడం మర్చిపోయా. జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో, డౌన్‌టౌన్‌లో. అమ్మకి 68, మోకాళ్ళు అన్నారు కదా, వీల్‌చైర్ తప్పనిసరిగా తీసుకెళ్ళండి, ఆవిడ వద్దన్నా సరే కార్లో పడేయండి. మా అత్తయ్య "నాకేం, నేను తిరుపతి మెట్లెక్కాను" అని నడిచి, గంటకే బూత్ పక్కన నేలమీద కూర్చుండిపోయింది. అది అంత పెద్ద హాలు. ఒక్కరోజులో అవ్వదు, పొద్దున క్విల్ట్‌లు చూసి మధ్యాహ్నం షాపులు చూడండి, రివర్స్‌లో వెళ్తే సంచులు మోసుకుంటూ క్విల్ట్‌లు చూడాలి, డబ్బులు కూడా ముందే అయిపోతాయి. నేను ఒకసారి మిషన్ డెమో దగ్గర ఆగి, ఇంటికి అవసరం లేని ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కొచ్చా, మూడేళ్ళైంది, దాని మీద ఇప్పుడు మనీప్లాంట్ ఉంది.

క్విల్ట్‌లు ముట్టుకోనివ్వరు, అమ్మకి ముందే చెప్పండి, మనవాళ్ళ చెయ్యి గుడ్డ కనపడగానే దానంతటదే వెళ్ళిపోతుంది. తెల్ల గ్లవ్స్ వేసుకున్న వాలంటీర్లు ఉంటే అడగండి, వాళ్ళే వెనక్కి తిప్పి కుట్టు చూపిస్తారు. అసలు పనితనం అంతా వెనకే తెలుస్తుంది.

మీ ఆయన్ని పిల్లల్ని ఎదురుగా డిస్కవరీ గ్రీన్ పార్క్‌లో వదిలేయండి, రోడ్డు దాటితే చాలు. రెండోరోజు నాసా స్పేస్ సెంటర్‌కి పంపించండి, సాయంత్రం అందరూ కలిసి పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్ళండి, అమ్మ క్విల్ట్‌ల కన్నా అదే ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. మధ్యాహ్నానికి పెరుగన్నం కూలర్‌లో పెట్టి కార్లోనే ఉంచుకోండి, లోపల దొరికేది అమ్మ తినదు.

తెనాలి_టు_టెక్సాస్:
అందరికీ చాలా థాంక్స్, ఇవన్నీ నిన్న రాత్రి అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. కుక్క బొంత దగ్గర నవ్వి నవ్వి దగ్గు వచ్చేసింది ఆవిడకి. బాబాయ్ గారూ, మీ అత్తగారిది ఏ ఊరో కనుక్కోమంది.

ఆవిడ తీర్పు ఇదీ. మంగళగిరి రెండూ, వెంకటగిరిలో బాగున్నదీ బొంతకి, అడుగున వెయ్యడానికి ఇంకో రెండు పాతవి తను తెస్తుందంట, దాన్ని తనే చేత్తో కుడుతుంది, నేను మూలలు పట్టుకుని కూర్చోవాలి. పోచంపల్లి చిన్న ముక్కలుగా కొయ్యొద్దు, వెనకాల వెయ్యమంది, దాన్ని బ్యాకింగ్ అంటారమ్మా అంటే "ఏదో ఒకటి" అంది. మిగిలిన వెంకటగిరి, నారాయణపేట నాకు వదిలేసింది, అవి లాగ్ క్యాబిన్‌లోకి. నారాయణపేట ఇవాళ మూడోసారి ఉతికా, షీట్ ఇంకా గులాబీ రంగులోనే వస్తోంది. "ఉప్పెయ్యవే" అంటోంది రోజూ.

హ్యూస్టన్‌కి శుక్రవారం పొద్దున్నే 5కి బయల్దేరుదామనుకుంటున్నాం, నాలుగు గంటల డ్రైవ్, మాడిసన్‌విల్ బకీస్‌లో (పెద్ద పెట్రోల్ బంకు, షాపు) ఆగకపోతే పిల్లలు ఊరుకోరు. మా ఆయన స్పేస్ సెంటర్ అనగానే ఒప్పుకున్నాడు, వీల్‌చైర్ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.

చివరగా ఒక్కటి, అమ్మ అడుగుతోంది: ఆ షోలో దబ్బనం అమ్ముతారా?

గుడ్డపీలికలు:
సషికో (జపాన్ వాళ్ళ చేతికుట్టు) సూదులు దొరుకుతాయి, పొడుగ్గా లావుగా బానే ఉంటాయి, పనికొస్తాయి. కానీ అమ్మకి అలవాటైన దబ్బనం కావాలంటే తనే తెచ్చుకోవాలి, రెండు తెమ్మనండి, ఒకటి నాకు. చెక్-ఇన్ బ్యాగ్‌లోనే పెట్టమనండి, హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు.